ఉప్పునేల – తొమ్మిదో భాగం: తంబురాకు వేలాడే తాళంచెవి

పోయినవారం మనం ప్రీతిని ఏలూరులో, సోమసుందరం మాస్టారి వసారాలో, చేతిలో మూడు జిరాక్సు కాగితాలతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. కొత్తగా అందుకున్నవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆ పిల్లను కదిలిద్దాం.

ప్రీతి తండ్రి ఎలీషా బుర్రకథ దళంలో కథకుడు. తంబురా భుజాన పెట్టుకుని నడుమ ఆయన నిలబడతాడు. ఎడమ పక్క జనాన్ని నవ్వించే హాస్య వంత నాగేశ్వరరావు. కుడి పక్క రాజకీయ వంత ప్రీతి. రాజకీయ వంత చెయ్యవలసిన పని ఒకటే. మాంచి ఊపు మీదున్న కథను ఆపి, జనం తరఫున ప్రశ్న వెయ్యాలి. బదులు రాగానే "అది అప్పటి మాట గురువుగారూ, మరి ఇప్పుడో?" అని ఇంకో ప్రశ్న వెయ్యాలి. వంత అడిగినదానికి కథకుడు బదులు చెప్పితీరాలి, చెప్పకుండా కథ ముందుకు నడపకూడదు అన్నది ఆ దళం కట్టుబాటు. పెట్టినవాడు ఎలీషాయే.

ఈ ఏడు వాళ్లు కట్టిన కథ ఎక్కడిదో దూరదేశపుది. పదకొండు వందల ఏళ్ల కిందట, బాగ్దాదు ఖలీఫాల రాజ్యంలో, బస్రా పట్టణం పక్క చిత్తడి నేలల్లో ఉప్పు పెళ్లలు గీకడానికి ఆఫ్రికా నుంచి తెచ్చిన నల్ల బానిసలుండేవాళ్లు. వాళ్లను జంజీలనేవారు. వాళ్ల తిరుగుబాటే ఈ కథ. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన సోమసుందరం మాస్టారు ఇంగ్లీషు పుస్తకాలు తిరగేసి రాసిచ్చారు. బానిసలు బస్రాను పట్టుకోవడంతో కథ అయిపోతుందని ప్రీతి నమ్మింది, ఊరూరా అలాగే పాడింది. అయిపోదని పోయినవారం మాస్టారు నోరు జారారు. "ఇంకో మూడు పేజీలున్నాయమ్మా. మీ నాన్నగారు ఆర్నెల్ల క్రితమే చదివేరు. అమ్మాయికి మాత్రం ఇవ్వకండి మాస్టారూ అని తిరిగిచ్చేశారు."

ప్రీతి ఆ పేజీలు చదివింది. ఇక కదులుదాం.

* * *

ఆదివారం ఆరాధన ముగిశాక మధ్యాహ్నం రెండింటికి ముగ్గురూ ఏలూరులో ఆటో ఎక్కారు. నాలుగింటికి గువ్వలంకలో కథ. మామూలు రోజుల్లోనైతే ఆటో నేరుగా ఊళ్లోకే పోయేది, చేపల చెరువు గట్టే ఆ ఊరికి రోడ్డు కాబట్టి. రెండు నెలల కిందట సర్కారువాళ్లు కొల్లేటి చెరువుల గట్లన్నీ కొట్టేసినప్పుడు ఆ రోడ్డూ పోయింది. ఆటోవాడు గండి దగ్గర దింపేసి, "ఇక్కణ్ణించి దోనేనండీ" అని చెప్పి వెనక్కి తిప్పుకున్నాడు.

దోనె నడపడానికి నాగేశ్వరరావే గెడ అందుకున్నాడు. తాడేపల్లిగూడెం మనిషి, కొల్లేటి నీళ్లలో గెడ వేసిన అనుభవం బొత్తిగా లేదు, అందుకే ధైర్యంగా వేస్తున్నాడు. రెండు పక్కలా కిక్కిస, అదే కొల్లేటి రెల్లు, మనిషెత్తున పెరిగి ఉంది. గాలి ఒక పక్క నుంచి రావడం లేదు, దిక్కు మార్చుకుంటూ కొడుతోంది. ప్రీతికి దోనెలో కుదురుగా కూర్చోవడం చేతకాలేదు.

"నాన్నా, ఆ మూడు పేజీలూ చదివాను."

ఎలీషా నీళ్ల మీంచి చూపు తిప్పలేదు. "మాస్టారిచ్చేశారా? ఇవ్వొద్దని మరీమరీ చెప్పేను."

"గెలిచాక ఆ జంజీలు బస్రా ఆడవాళ్లను వేలం వేసుకున్నారంట. నిన్నటిదాకా బానిసగా ఉన్నవాడు ఇంటినిండా బానిసల్ని పెట్టుకున్నాడంట. ఇదంతా తెలిసే వాళ్లను దేవుళ్లని చేసి నాచేత పాడించావా?"

"దేవుళ్లని చెయ్యలేదమ్మా. గెలిచిన కాడ ఆపేను."

"ఆపితే అబద్ధమే కదా?"

"ఏవండీ, తగువేదో ఒడ్డెక్కాక పడదాం. నాకసలే ఈత రాదండీ" అన్నాడు నాగేశ్వరరావు వెనక నుంచి. ఇద్దరూ నవ్వకపోయేసరికి అతను చిన్నబుచ్చుకుని గెడ మీద పడ్డాడు.

ఎలీషా గొంతు తగ్గించాడు. "గువ్వలంకలో ఇయ్యాల ఎవరింట్లోనూ కుదురు లేదమ్మా. చెరువు పోయింది, పని పోయింది. రేపు కలెక్టరాఫీసు కాడికి ఊరంతా కదిలెళ్తారు. ఇలాంటప్పుడు నేనెళ్లి, మీలాంటోళ్లు గెలిచినా ఆఖరికి ఇలాగే తయారవుతారు అని చెప్పనా? జనానికి గెలిచిన కథ కావాలి. బస్రా కోటలోకి అడుగెట్టగానే తంబురా రెండుసార్లు తడతాను, నువ్వు మంగళం ఎత్తుకో."

మాట సబబుగానే ఉంది. ప్రీతికి చిరాకు తెప్పించింది కూడా అదే. సబబైన మాట చెప్పే మనిషి కూతురి మొహం చూసి ఎందుకు చెప్పడు? అదీ మామూలు మనిషి కాదు. ఒకప్పుడు ఇదే గువ్వలంక చెరువు గట్టు మీద కూలీలందరినీ నలభై రోజులు కూర్చోబెట్టి, పెద్ద రైతుల పాలబడ్డ చెరువును పేదల సంఘానికి ఇప్పించిన ఎలీషా. ఆ పోరాటం కథగా వింటూనే ప్రీతి పెరిగింది. తండ్రి అంటే ఆమెకు ప్రేమ కంటే ముందు గర్వం. సంఘానికి మొదటి ప్రెసిడెంటు ఆయనే. మరి అంత గెలిచినవాడు నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని ఏలూరు ఎందుకు వచ్చేశాడో, ఇరవై ఏళ్లలో ఒక్కసారీ ఈ ఊరి మొహం ఎందుకు చూడలేదో ఆమెకు తెలియదు. తల్లి పుష్పమ్మను అడిగితే "అక్కడి నీళ్లు మనకి పడలేదమ్మా" అని మాట మార్చేసేది.

"ఎత్తుకోకపోతే?" అంది ప్రీతి.

"ఇంట్లో నీకు నాన్నని. గజ్జె కట్టాక గురువుని." ఎలీషా ఏనాడూ కూతురితో ఇలా మాట్లాడలేదు. అనేసి పక్కకు తిరిగాడు. తంబురా మెడకు కట్టిన తాళంచెవి టక్కుమని కర్రకు తగిలింది.

అది గొట్టం తాళంచెవి, పాతకాలపుది. ప్రీతికి ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కడే వేలాడుతోంది. ఎందుకు నాన్నా అంటే శబ్దం కోసమనేవాడు. శబ్దం ఏమీ బాగుండదు. "తీసేద్దురూ, తాళానికి అడ్డొస్తోంది" అని నాగేశ్వరరావు ఎన్నిసార్లు మొత్తుకున్నా తియ్యలేదు.

* * *

గువ్వలంక బడి అరుగే వేదిక. మైకు, షామియానా, ముందు వరసలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఊరు ఊరంతా అప్పటికే చాపల మీద చేరింది గానీ ఎవరూ నిలకడగా కూర్చోలేదు. లేచేవాళ్లు, గండి వైపు చూసేవాళ్లు, రేపు అక్కడికొచ్చే లారీల గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు.

"రండి ఎలీషాగారూ, రండి! ఇరవై ఏళ్లకి గుర్తొచ్చేమా?" అంటూ ఎదురొచ్చాడు పట్టాభిరామయ్య. ఎలీషా ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు ఆయన సంఘానికి సెక్రటరీ. ఇప్పుడు ప్రెసిడెంటూ ఆయనే, ఈ సభా ఆయనదే. చేతిలో బంతిపూల దండ సిద్ధంగా ఉంది. "కథ అయ్యాక వేస్తానండి దండ. గట్టిగా కొట్టండి ఇయ్యాల. రేపటికి జనం రెచ్చిపోవాలి."

ఎలీషా నమస్కారం పెట్టాడు. పెట్టేటప్పుడు ఆయన చూపు పట్టాభిరామయ్య మీద లేదు. ఆడవాళ్ల వైపు, అందరికన్నా ముందు కూర్చున్న ఒక ముసలామె మీద ఉంది. వెలిసిపోయిన చీర, ఒళ్లో తువ్వాలు మూట. మూటలో ఏదో బరువైన వస్తువు. చుట్టూ అంత గోలలోనూ కదలకుండా కూర్చున్న మనిషి ఆమె ఒక్కతే. ప్రీతి ఇది గమనించింది గానీ ఏమనుకోవాలో తోచలేదు.

గజ్జెలు కట్టారు. గుమ్మెటలు మెడకు తగిలించుకున్నారు. ఎలీషా తంబురా మీటి గొంతెత్తాడు.

"ఉప్పు పెళ్లలు గీకే చేతులు..."

"తందాన తాన!"

"ఒక్క పిలుపుతో పిడికిలి బిగిసెను..."

"తందాన తాన!"

ప్రీతి ఎంత కోపంగా ఉన్నా ఒప్పుకోవాలి, మనిషి మొదలుపెట్టాడంటే మొదలుపెట్టినట్టే. పావుగంటలో జనం చాపలకు అతుక్కుపోయారు. తెల్లారకుండానే బురదలోకి తోలడం, కాళ్లు పుళ్లు పడడం, గీకిన ఉప్పుమట్టి గుట్టలు గుట్టలుగా లేవడం, రెల్లు చాటున అలీ అనే నాయకుడు వచ్చి ఒక్కొక్క గుంపునూ కలుసుకోవడం, అన్నీ కళ్లకు కట్టించాడు. ఆ రెల్లు ఎలా ఉంటుందో గువ్వలంకకు వేరే చెప్పాలా, కిక్కిస వైపు చెయ్యి చూపిస్తే సరిపోయింది.

"గురువుగారూ, నాదో అనుమానం" అన్నాడు నాగేశ్వరరావు. "ఖలీఫా ముస్లిమాయన. మరి ఈ బానిసలూ, ఆ అలీగారూ?"

"వాళ్లూ ముస్లింలేనయ్యా. కొరడా పట్టుకున్నవాడూ, దెబ్బ తిన్నవాడూ ఒకే దేవుడికి మొక్కేవాళ్లు. అయినా దెబ్బ తగ్గలేదు."

చర్చి వైపు కూర్చున్నవాళ్లూ, గుడి వైపు కూర్చున్నవాళ్లూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎలీషా వాళ్లను ఆ ఆలోచనలో ఉండనివ్వలేదు, కథను దొరల దగ్గరికి తీసుకుపోయాడు. బానిసల్ని పనిలో పెట్టిన పెత్తందార్లను అలీ వరసగా పడుకోబెట్టించి, వాళ్ల బానిసల చేతనే ఒక్కొక్కరికీ ఖర్జూరపు మట్టలతో అయిదొందల దెబ్బలు కొట్టించాడట.

"అయిదొందలూ లెక్కెట్టింది ఎవరండీ?" అన్నాడు నాగేశ్వరరావు. "మధ్యలో తప్పితే మళ్లీ ఒకటి నించా?"

జనం విరగబడి నవ్వారు, ఈలలు వేశారు. ముసలామె నవ్వలేదు. మూట మీద చేతులు అలాగే ఉన్నాయి.

బస్రా వచ్చింది. కోట తలుపులు విరిగాయి. నిన్నటి బానిసలు వీధుల్లోకి దూసుకుపోతున్నారు. ముందు వరసలో పట్టాభిరామయ్య లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఎలీషా తంబురాను రెండుసార్లు తట్టాడు.

మంగళం ఎత్తుకోవడానికి ప్రీతి నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి మంగళం రాలేదు. ఆ పాట కోసం ఎదురుచూస్తున్న రెండొందల మంది మొహాలు కనిపించాయి. వీళ్లంతా ఈ కథను నిజమని ఇంటికి పట్టుకుపోతారు. రేపు వీళ్ల పిల్లలకు చెబుతారు. తను పెరిగినట్టే వాళ్లూ సగం కథ మీద పెరుగుతారు.

ఆమె గుమ్మెట మీద ఒక్క దెబ్బ వేసింది.

"గురువుగారూ! కోట గెలిచారు, బాగుంది. గెలిచినవాళ్లు బస్రా ఆడవాళ్లను ఏం చేశారు?"

నాగేశ్వరరావు చెయ్యి గుమ్మెట మీద ఆగిపోయింది. ఎలీషా కూతురి వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, భయం ఉంది. ప్రీతి తండ్రి కళ్లలో భయం చూడడం అదే మొదలు. అడగకుండా ఉండాల్సిందని ఒక్క క్షణం అనిపించింది. అప్పటికే మైకులో మాట ఊరంతా తిరిగింది, కట్టుబాటు కట్టుబాటే.

ఎలీషా పాడలేదు, మామూలుగా చెప్పాడు. "బానిసల్ని చేశారమ్మా. ఒకావిడ గొప్పింటి ఆడమనిషి, ప్రవక్తగారి వంశం అంటారు. ఒక జంజీకి బానిసయ్యింది. బానిసల్ని విడిపించినవాడు కదా, నన్నూ విడిపిస్తాడని నాయకుడి కాడికెళ్లి కాళ్లా వేళ్లా పడింది. ఆయనేమన్నాడో తెలుసా? అతనే నీ యజమాని, నీ మీద హక్కు అతనిదే అన్నాడు."

షామియానా కింద గుసగుసలు మొదలయ్యాయి. పట్టాభిరామయ్య చప్పట్లు ఆపి కూర్చున్నాడు.

ప్రీతి అనుకున్న ప్రశ్న అదొక్కటే. అక్కడితో సరిపెట్టి మంగళం పాడేద్దామనే అనుకుంది కూడా. ఆరేళ్లుగా వందల వేదికల మీద బదులు రాగానే వెంటనే అనేసే మాట ఒకటుందే, అది అలవాటు కొద్దీ ఆమె తలుచుకోకుండానే బయటపడిపోయింది.

"అది అప్పటి మాట గురువుగారూ. మరి ఇప్పుడో?"

అన్నాక నాలుక కరుచుకుంది. ఎలీషా మాత్రం ఆ మాట కోసమే ఇరవై ఏళ్లు కాచుకున్నవాడిలా తల ఊపాడు. భుజం మీంచి తంబురా దించి, మెడకు కట్టిన దారం తెంపి, తాళంచెవిని మైకు ముందు పట్టుకున్నాడు.

"ఇప్పటి మాట అడిగింది మా అమ్మాయి. చెప్తాను. చెరువు మనకొచ్చిన కొత్తల్లో తవ్వకానికి శ్రీకాకుళం వైపు నించి పధ్నాలుగు మందిని తెచ్చుకున్నాం, గుర్తుందా? మన ఒళ్లు మాత్రం బురదలో దిగడానికి ఒప్పలేదు, మనం గెలిచినోళ్లం కదా. ఇద్దరు పారిపోబోయేరు. అప్పుడు సంఘం తీర్మానం చేసింది. పొద్దుగూకితే వాళ్లుండే పాకకి తాళం వెయ్యాలని. దాని మీద సంతకం నాదే."

వయసు మళ్లినవాళ్లు తలలు దించుకున్నారు. కుర్రవాళ్లు వాళ్లను చూస్తున్నారు.

"ఒకమ్మాయి నా కాడికొచ్చింది. మేం గొడ్లమా బాబూ, తాళం ఎందుకూ అంది. నేనేమన్నాను? మీ పని చూసేది సెక్రటరీగారు, మీ మీద హక్కు ఆయనది, నాది కాదు అన్నాను. ఆ మర్నాడు వానకి పని ఆగిపోతే, మధ్యాహ్నమే నేను తాళం బిగించి, చెవి జేబులో వేసుకుని తాడేపల్లిగూడెం పోయాను. ఎందుకనుకున్నారు? మన గట్టు పోరాటం బుర్రకథ చెప్పడానికి. తెల్లారగట్ల వరదొచ్చింది. పాక మునిగింది. లోపలున్నోళ్లని ఒక్కొక్కర్నీ కప్పు చీల్చి పైకి తోసినోడు వాళ్లలోనే ఒకడు, వెంకట్రాజు. అందర్నీ తోసి, తను రాలేకపోయాడు. చెవి నా జేబులో ఉంది. నేను పాడుతున్నాను."

ఆయన ఏడవలేదు. ఏడ్చింది ప్రీతి. చిన్నప్పుడు ఆ తాళంచెవిని వేలితో ఊపుకుంటూ ఆడుకోవడం గుర్తొచ్చి, గుమ్మెట మీద తల ఆనించి ఏడ్చింది. ఎన్నేళ్లుగానో మోస్తున్న గర్వం ఒక్కసారిగా ఎక్కడ దించుకోవాలో ఆమెకు తెలియలేదు.

ముసలామె లేచింది. జనం దారిచ్చారు. అరుగెక్కి, ఎలీషా ఎదురుగా నిలబడి, మైకుకు అవసరం లేని గొంతుతో అంది. "గుర్తుపట్టేవా బాబూ? కనకమ్మని. వెంకట్రాజు పెళ్లాన్ని."

"వచ్చినప్పుడే గుర్తుపట్టేనమ్మా."

"నువ్వొస్తన్నావని గండి అవతల మా ఊళ్లో ఆటోకి మైకెట్టి చెప్పేరు. అందుకొచ్చేను." ఆమె మూట విప్పింది. లోపల అరచేతి నిండా పట్టే తాళంకప్ప. మూసినది మూసినట్టే ఉంది, కొంకికి తలుపు గొళ్లెం ముక్క ఇంకా తగులుకునే ఉంది. "నీరు తీసేక తలుపు దొరికింది. ఇది దాసేను. ఏటా నూనె రాత్తన్నాను. తియ్యి బాబూ. ఎంతసేపు పట్టేదో సూత్తాను."

ఎలీషా రెండు చేతులతో తాళంకప్ప అందుకున్నాడు. తాళంచెవిని దానికి ఆనించాడు. తిప్పబోయి ఆగాడు. మళ్లీ ఆనించాడు. గొట్టం తాళంచెవి అది, గుండ్రటి కన్నం ఉంటే దిగుతుంది. ఆ తాళంకప్పకు ఉన్నది సన్నటి చీలిక. చెవి కొస కూడా లోపలికి వెళ్లలేదు.

ఎలీషా తాళంచెవిని పక్కకు తీశాడు. "కనకమ్మా, ఇది నేనేసిన తాళం కాదు."

"నువ్వేసింది కాదు, తెల్సు. నీది ఆ సాయంత్రమే మా ఆయన లోంచి తలుపు గుంజి ఊడబెరికేసి చెరువులోకి ఇసిరేడు. వరదొత్తన్నాది, రేత్రికి గట్టెక్కి పోదామన్నాడు. సీకటడ్డాక ఎవరో వొచ్చి, మా అరుపులు ఇంటానే, ఇదేసి పోయేరు, ఎంత గుంజినా ఇది ఊడలేదు. లోపలున్నోళ్లకి మొకం కనబడలేదు." ఆమె ఖాళీ తువ్వాలు మడవడం మొదలెట్టింది. "నువ్వే పంపేవనుకున్నాను బాబూ, దీని చెవీ నీ కాడే ఉంటాదనుకున్నాను. ఇరవై ఏళ్లూ నిన్నే తిట్టుకున్నాను."

"నేను పంపలేదు" అన్నాడు ఎలీషా. "మొదటి తాళం నాదే. అది నాదే. దీన్ని నేను..."

ప్రీతి కళ్లు తుడుచుకుంది. వంత అడగాలి. ఈసారి అడగవలసింది కథకుణ్ణి కాదని ఆమెకు తెలుసు. గుమ్మెట సరిచేసుకుని జనం వైపు తిరిగి, ఒక్క దెబ్బ వేసి నోరు తెరిచింది.

ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాంట్లో బంతిపూల దండ ఉంది. గండి వైపు నుంచి ఎవరో దోనె తోసుకుపోతున్న చప్పుడు వినిపించింది.